అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు: పెద్ద జలాశయంలో చిన్న పడవ

నాగార్జునసాగర్ వెనుక జలాల్లోనో, శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున ఉన్న సోమశిల దగ్గరో, జూరాలలోనో పడవ మునిగిందంటే మొదట వినిపించే మాట "అక్కడ లోతెక్కువ" అని. నిజానికి లోతుకూ మునకకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. మనిషి మునగడానికి నిలువెత్తు నీళ్లు చాలు, దాని కింద ఇంకో వంద అడుగులున్నా లేకున్నా ఒకటే. చిన్న పడవ ప్రాణమంతా దాని అంచుకూ నీటి మట్టానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంటుంది. చేపల పడవల్లో అది మామూలుగా జానెడు, ఖాళీగా ఉన్న మంచి పడవకైతే జానెడున్నర. బరువు, గాలి, వల, లోపల చేరిన నీళ్లు, లేచి నిలబడ్డ మనిషి, అన్నీ ఆ జానెడులోంచే తమ వాటా తీసుకుంటాయి. ఏ ఒక్కటీ తనంతట తాను పడవను ముంచదు, మూడు నాలుగు కూడబలుక్కుంటేనే మునుగుతుంది. "ఇరవై ఏండ్ల సంది ఇట్లనే పోతున్న, ఏం కాలే" అనే మాట అబద్ధం కాదు. ఇన్నేళ్లూ ఆ మూడు నాలుగూ ఒక్కసారే కలవలేదని మాత్రమే దాని అర్థం.

చెరువు కాదు, ఆపిన ఏరు

ఊరి చెరువులో పెరిగిన అలవాట్లు కృష్ణ మీది జలాశయాల్లో పనికిరాకపోవడానికి మొదటి కారణం నీటి మట్టం. చెరువు నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఎండాకాలానికి అది 510 దాకా దిగవచ్చు. అంటే కార్తీకంలో నలభై అడుగుల నీళ్ల కింద ఉన్న బండ వైశాఖంలో మోకాలి లోతులో పడవ అడుగు కోసం కాచుకుని ఉంటుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. దాని ముంపులో పోయిన ఊళ్ల మొండిగోడలు, బావుల గట్లు, కొట్టేయకుండా వదిలిన చెట్ల మోడులు కొల్లాపూర్ వైపు నీళ్లు తగ్గినకొద్దీ ఒక్కొక్కటే పైకి వస్తాయి. పైకి తేలినవాటితో భయం లేదు, కనిపిస్తాయి కాబట్టి. అసలు ప్రమాదం నీటి కింద అరడుగులో ఉన్నవాటితోనే. ఫైబర్ పడవ అడుగు చీలేది, పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) కింది తారుగుడ్డ చిరిగేది, లారీ ట్యూబు పగిలేది వాటి మీదే.

దినపత్రికల జిల్లా పేజీలో రోజూ జలాశయాల మట్టాలు వేస్తారు. రైతు ఆ అంకెను కాలువ నీళ్ల కోసం చూస్తాడు, పడవవాడు దారి కోసం చూడాలి. తనకు తెలిసిన మోడులు, బండలు ఏ మట్టం దగ్గర తేలతాయో ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే (ఈ బండ 545 దగ్గర తేలుతుంది, ఈ గోడ 540 దగ్గర అని), రెండు మూడేళ్లలో ఏ పటం ఇవ్వని దారి పటం చేతికి వస్తుంది. తేలే మట్టానికి పైన మూడు నాలుగు అడుగుల వరకు ఆ చోటు దరిదాపులకు పోకూడదు.

పెరిగేటప్పుడు సంగతి వేరు. లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. జూరాల మొత్తం నిల్వే 9.66 టీఎంసీలు. కాబట్టి పైనుంచి వరద మొదలైతే జూరాలలో నీళ్లు ఆపడానికి చోటుండదు, వచ్చినవి వచ్చినట్టు గేట్లలోంచి వదలాల్సిందే. అదే లక్ష క్యూసెక్కులు 312 టీఎంసీల సాగర్లోకి వస్తే, నిండుగా ఉన్నప్పుడు దాదాపు 285 చదరపు కిలోమీటర్లు పరుచుకునే ఆ నీటి మీద రోజుకు మూడడుగులకు కొంచెం తక్కువ పెరుగుతుంది. మట్టం తక్కువగా ఉన్నప్పుడు లోయ ఇరుకు కాబట్టి ఇంకా ఎక్కువే పెరుగుతుంది. రాత్రి ఒడ్డున మూడు గజాల దూరంలో పెట్టుకున్న పడవ తెల్లారేసరికి కొట్టుకుపోయేది ఈ లెక్కతోనే. మొదటి వరదతో పాటు మొద్దులు, ముళ్లకంపలు కూడా వస్తాయి. ఆ రెండు మూడు రోజులు వల వేసినా మిగిలేది చిరిగిన వలే.

ఇక డ్యాముల దిగువ. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి వాటిని నడుపుతారు, ఆపుతారు. నడిపినప్పుడు సాగర్ వెనుక జలాల పై కొసలో ఉన్నట్టుండి ప్రవాహం పుడుతుంది. వాన పడలేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, అయినా నీళ్లు కదులుతాయి. జూరాల కింద బండల మీద గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లు చుట్టూ నీళ్లు చేరి చిక్కుకుపోయేదీ ఇలాగే. సైరన్ మోగాక వల తీసుకుందాం, తట్ట సర్దుకుందాం అనే ఆలోచన వద్దు. సైరన్ అంటే నీళ్లు బయల్దేరాయని. ఎత్తిపోతల పథకాల నోళ్ల దగ్గర, అంటే పుట్టంగండి, ఎల్లూరు లాంటి చోట్ల, పంపులు నడుస్తుంటే పైకి నీళ్లు నిలకడగానే కనిపిస్తాయి, లోపల లాగుడు ఉంటుంది. పంపుల దగ్గరికి నీళ్లు తెచ్చే అప్రోచ్ కాలువలోకి పడవ పోనివ్వకూడదు. అక్కడ చేపలు గుమిగూడతాయన్నది నిజమే. ఆ నిజమే మనుషుల్ని అక్కడికి లాగుతుంది.

జానెడు లెక్క

పదహారడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న పడవను తీసుకుందాం. రెండు కొసలా సన్నబడుతుంది కాబట్టి నీటి మీద అది ఆక్రమించే చోటు సుమారు నాలుగు చదరపు మీటర్లు. అంటే లోపల ప్రతి నలభై కిలోలకూ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. అరవై ఐదు కిలోల మనుషులు ముగ్గురు ఎక్కితే ఐదు సెంటీమీటర్లు. తడిసిన వలలు, లంగరు, ఐస్ పెట్టె, ఇంజన్, పెట్రోలు కలిపి నూటయాభై కిలోలైతే ఇంకో నాలుగు. వంద కిలోల చేప పడితే రెండున్నర. జానెడు అంటే ఇరవై రెండు, ఇరవై మూడు సెంటీమీటర్లు. ఖాళీ పడవకు జానెడున్నర ఉన్నా తిరిగి వచ్చేటప్పుడు మిగిలేది జానెడే. పోయేటప్పటి పడవ వేరు, వచ్చేటప్పటి పడవ వేరు. సరిగ్గా గాలి లేచే మధ్యాహ్నం వేళకే ఆ రెండో పడవ మీద ఉంటాం.

ఇది నిలకడ నీళ్ల లెక్క. అసలు చిక్కు లోపలి నీళ్లతో వస్తుంది. పడవ అడుగున రెండంగుళాల నీళ్లు నిలిస్తే చీలమండ కూడా తడవదు, ఎవరూ పట్టించుకోరు. నాలుగు చదరపు మీటర్ల మీద ఐదు సెంటీమీటర్లంటే దాదాపు రెండు వందల లీటర్లు, ముగ్గురు మనుషుల బరువు. కూర్చున్న మనిషి కూర్చున్నచోటే ఉంటాడు, నీళ్లు అలా ఉండవు. పడవ ఎటు వాలితే అటే పరుగెత్తి ఆ వాలును ఇంకా పెంచుతాయి. లోపల నీళ్లున్న పడవ ఒక అలకు వాలి, మళ్లీ లేవకముందే రెండో అలను లోపలికి తెచ్చుకుంటుంది. చాలా మునకల్లో చివరి రెండు నిమిషాలు ఇవే. కాబట్టి నీళ్లు తోడడం సాయంత్రం చేసే పని కాదు, అంగుళం కనిపించగానే చేసే పని. ఐదు లీటర్ల నూనె డబ్బాను ఏటవాలుగా కోస్తే పడవ మూలల్లోకి పోయే, నీళ్లు తోడే చక్కని డబ్బా వస్తుంది. దాన్ని తాడుతో పడవకు కట్టేయాలి. పడవ బోర్లా పడ్డప్పుడు మొదట కొట్టుకుపోయేది అదే. ఒకటి చాలదు, పది లీటర్ల బకెట్ కూడా ఉండాలి.

అంచు మీద కొలత గీత గీసుకోవడం అన్నింటికన్నా చవకైన రక్షణ. పడవ బయటివైపు, నడుమ, అంచు నుంచి కిందికి ఇరవై సెంటీమీటర్లు కొలిచి ఎర్ర పెయింటుతో గీత వేయాలి. నిలకడ నీళ్లలో గీత మునిగితే ఎవరో ఒకరు దిగాలి, లేదా ఏదో ఒకటి దించాలి. బేరం లేదు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. అది జనాన్ని దాటించే పడవే, చేపల పడవ కాదు. కానీ చేపల పడవను దాటే పడవగా వాడే అలవాటు వెనుక జలాల ఊళ్లలో ఇప్పటికీ ఉంది. "అవతలి ఒడ్డుకు దించి పో" అని అడిగే చుట్టాన్ని కాదనడం కష్టమే. గీత ఉంటే అది చెబుతుంది, మీరు చెప్పనవసరం లేదు.

పుట్టి సంగతి కొంచెం వేరు. ఎనిమిదడుగుల పుట్టి వెడల్పు వల్ల మొదట్లో కదలకుండా స్థిరంగా అనిపిస్తుంది, మోసే బరువూ ఎక్కువే. దానికి ముక్కు లేదు, వెనుక లేదు. అలకు ఎదురు నిలపడం కుదరదు, తిరుగుతూ ఉంటుంది. అంచు కిందికి వంగినచోటికి అందరూ ఒకేసారి జరిగితే క్షణంలో నీళ్లు వస్తాయి. వలను లాగేవాళ్లు ఇద్దరుంటే మూడోవాడు ఎదురు అంచున బరువుగా కూర్చోవాలి. ప్రవాహం ఉన్న ఏటిలో, వరద రోజుల్లో పుట్టి దింపకూడదు. 2020 ఆగస్టులో పస్పుల దగ్గర కృష్ణ వరదలో పుట్టి మునిగి మనుషులు గల్లంతైన సంగతి మక్తల్ వైపు అందరికీ గుర్తుంది.

థర్మాకోల్ తెప్పలు, లారీ ట్యూబుల గురించి ఒక్క మాట: చెరువుకు సరే, జలాశయానికి కాదు. థర్మాకోల్ పెట్రోల్‌లో కరిగిపోతుందని కూడా చాలామందికి తెలియదు. ఇంజన్ పడవలో తేలేందుకని అట్టలు కుక్కితే, ఒలికిన పెట్రోలు వాటిని తినేస్తుంది.

గాలి

నీటి మీద అల ఎంత లేస్తుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి వేగం, అది అడ్డులేకుండా నీటి మీద సాగిన దూరం, వీచిన సమయం. ఊరి చెరువులో ఎంత గాలి వీచినా అర కిలోమీటరు మించి సాగదు, అందుకే చెరువులో అల పెరగదు. వెనుక జలాల్లో ఐదారు కిలోమీటర్లు సూటిగా దొరుకుతుంది. గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి ఐదు కిలోమీటర్ల నీటి మీద గంట, గంటన్నర వీస్తే అడుగెత్తు అలలు లేస్తాయి, మధ్య మధ్య ఒకటి దానికి దాదాపు రెట్టింపు వస్తుంది. గాలి యాభై కిలోమీటర్లయితే మామూలు అలే అడుగున్నర. పైగా సముద్రపు అలలా పొడవుగా, మెల్లగా రావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి. పదహారడుగుల పడవ ఒక అల దిగకముందే ముక్కు రెండో అలలో గుచ్చుకుంటుంది. మీ దగ్గరున్నది జానెడు, దీన్ని గుర్తుంచుకోండి.

ఇందులో ఒక మోసం ఉంది. గాలి మీరున్న ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, గుట్ట చాటున గాలి తగలదు. బయల్దేరినవాడికి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి తెడ్డు వేయకుండానే కిలోమీటరు పోతాడు. అలలు అక్కడ మొదలవుతాయి. తిరిగి రావడమంతా ఎదురుగాలే. నిలకడ నీళ్లలో తెడ్డుతో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోయే మనిషి ఇరవై ఐదు కిలోమీటర్ల ఎదురుగాలిలో ఒక కిలోమీటరు పోతే గొప్ప. చేతులు అలిసేది కూడా అప్పుడే. అందుకని దూరాన్ని పోయిన దారితో కొలవకూడదు, తిరిగి రావడానికి పట్టే గంటలతో కొలవాలి. వీలైతే మొదట గాలికి ఎదురు పోయి, వచ్చేటప్పుడు గాలితో రావాలి. పడమటి గాలుల కాలంలో పడమటి ఒడ్డు చాటున పని చేసుకోవడం పాత పద్ధతి, అది సరైన పద్ధతే.

కాలం విషయానికొస్తే మనకు మూడు గాలులు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా మధ్యాహ్నం మూడు దాటాక లేచే గాలిదుమారం మొదటిది, అన్నింటికన్నా చెడ్డది. రెండోది ఆషాఢ గాలి. ఇది మోసం చేయదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే దిక్కు నుంచి బలంగా వీస్తుంది, దాన్ని చూసి ఆ రోజు మానుకోవచ్చు. మూడోది చలికాలపు తెల్లవారు మంచు. గాలి కాకపోయినా దారి తప్పించి మధ్య నీళ్లలోకి తీసుకుపోతుంది. ఫోన్‌లో దిక్సూచి ఉంటే చాలదు, ఒడ్డు నుంచి బయల్దేరేటప్పుడు దిక్కు చూసి గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే అది ఏ దిక్కు చూపినా ఇల్లు ఎటో తెలియదు.

మొదటిదాన్ని కొంచెం వివరంగా చూడాలి. ఎండవేళ లేచిన మబ్బులోంచి వాన పడడం మొదలైనప్పుడు దానితో పాటు చల్లగాలి కిందికి కూలి, నేల తాకి చుట్టూ పరుచుకుంటుంది. ఆ గాలి వాన కన్నా పది, ఇరవై నిమిషాలు ముందొస్తుంది. కాబట్టి వాన చినుకు కోసం చూస్తే ఆలస్యమైనట్టే. గుర్తులు ఇవి: అప్పటిదాకా ఉన్న గాలి ఒక్కసారి ఆగిపోవడం, ఉక్క పెరగడం, దిగంతంలో ఎర్రటి దుమ్ము తెర, తర్వాత చెంపకు చల్లగా తగిలే గాలి, దూరాన నీటి మీద నల్లటి గీత మీవైపు జరగడం. గీత కనిపించాక మీకు నిమిషాలే ఉంటాయి. అప్పుడు ఊరి రేవు కోసం ప్రయత్నించకూడదు. దగ్గరున్న ఏ ఒడ్డైనా ఒడ్డే. నడిచి ఇంటికి పోవచ్చు, పడవను మర్నాడు తెచ్చుకోవచ్చు.

ఇక్కడ మన జిల్లాల ప్రత్యేక చిక్కు ఒకటి ఉంది. జూన్ ఏడు, ఎనిమిది తేదీల్లో మృగశిర కార్తె. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ, ధర దండిగా పలుకుతుంది. అందుకని రోహిణి చివరి రోజుల్లో పడవలు రెండు పూటలా దిగుతాయి, ఎక్కువ వల వేస్తాయి, ఎక్కువ బరువుతో వస్తాయి. ఏడాదంతటిలో దుమారాలు ఎక్కువ లేచే రోజులూ అవే. బరువు, గాలి, తొందర ఒకే వారంలో కలుస్తాయి. ఆ వారమైనా మధ్యాహ్నపు పూట మానుకుని, తెల్లవారుజామున పోయి పదకొండు లోపు ఒడ్డెక్కితే సగం ముప్పు తప్పినట్టే.

ఇంటి నుంచి కదిలేముందు చూడదగ్గవి రెండు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా వచ్చే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరికలు ఒకటి, పిడుగులకు 'దామిని' యాప్ రెండోది. నల్లమల మలుపుల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఒడ్డునే చూసుకోవాలి. లోపల ఉన్నప్పుడు లెక్క చెవులతో: మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, పని ఆపి ఒడ్డుకు రావాలి. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మళ్లీ దిగకూడదు. నడినీళ్లలో చిక్కితే కార్బన్ గాలం కర్రలు, ఇనుప గడలు పడుకోబెట్టి, లోహం తాకకుండా, మధ్యలో వంగి కూర్చోవాలి. విశాలమైన నీటి మీద అన్నింటికన్నా ఎత్తైనది మీ తలే.

అలల్లో పడవ నడిపే తీరు: అలను సూటిగా కొట్టకూడదు, పక్కనుంచి అసలే తగలనివ్వకూడదు. ముక్కును అలకు కాస్త ఏటవాలుగా పెట్టి, వేగం తగ్గించి, పడవకు అదుపు ఉండేంత మాత్రం కదిలిస్తూ రావాలి. అందరూ కిందికి దిగి పడవ అడుగున కూర్చోవాలి, బరువు నడుమకు తేవాలి. వెనుక నుంచి అల తరుముతుంటే పడవ అడ్డం తిరిగే ప్రమాదముంది. ముక్కున ఉన్న బరువును కొంచెం వెనక్కి జరిపి, ఒక బకెట్‌ను పొడవాటి తాడుతో వెనుక వదిలితే అది లాగిపట్టి పడవను తిన్నగా ఉంచుతుంది. ఇంజన్ ఆగిపోతే అదే బకెట్‌ను ముక్కుకు కట్టి వదలాలి, ముక్కు గాలికి ఎదురు తిరిగి నిలుస్తుంది. తాడు, బకెట్ తప్ప దీనికి ఇంకేమీ అక్కరలేదు.

వల, లంగరు, ఇంజన్

తంగూసు (సన్న నైలాన్ దారపు) వల పైన బెండ్లతో, కింద సీసం గుండ్లతో నీళ్లలో పరదాలా నిలబడుతుంది. సాయంత్రం వేసి తెల్లవారి తీస్తారు. తీసేటప్పుడు పడవ పక్కన నిలబడి లాగడం అందరికీ అలవాటు, కానీ మనిషి బరువు, వల బరువు, చేప బరువు మూడూ ఒకే అంచు మీద పడతాయి. గాలి ఉన్నప్పుడు ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పడవ ముఖం గాలికి పెట్టి లాగాలి. తీసిన వలను కాళ్ల దగ్గర కుప్ప వేయకుండా గోనెసంచిలోకో తట్టలోకో పేర్చాలి. పడవ కదిలినప్పుడు ఆ కుప్పలోంచి ఒక వల కన్ను కాలివేలికి తగులుకుంటే వలతో పాటు మనిషీ పోతాడు. లుంగీ, గుండీల చొక్కా, చేతి కడియం, ఉంగరం, ఇవన్నీ వలకు కొక్కేలే. నిక్కరు, బిగుతు బనియను మంచివి.

వల మోడుకు తట్టుకుంటే ముగ్గురూ కలిసి లాగడం సహజంగా తోచే పని, చేయకూడని పని కూడా అదే. మోడు కదలదు, కాబట్టి మీ బలమంతా అంచును నీటి వైపు దించడానికే ఖర్చవుతుంది. అవతలి వైపు నుంచి, వల వేసిన దిక్కుకు ఎదురుగా వెళ్లి మెల్లగా చూడాలి. రాకపోతే కోసేయాలి. అందుకోసం ప్రతి పడవలో చేతికి అందేచోట, తాడుతో కట్టిన కత్తి ఉండాలి. సంచి అడుగున ఉన్న కత్తి లేనట్టే.

లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే. వెనుక కట్టే అలవాటు ఇంజన్ పడవల వాళ్లకు ఎక్కువ, చేతికి అందుతుంది కదా అని. ఇంజన్ బరువుతో వెనుక భాగం ముందే దిగి ఉంటుంది, అల వచ్చినప్పుడు తాడు పైకి లేవనివ్వదు, నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. తాడు లోతుకు ఐదు రెట్లు ఉంటేనే లంగరు పట్టుకుంటుంది, పది మీటర్లకు యాభై మీటర్లు. సాగర్ నడిబొడ్డున అంత తాడు ఎవరి దగ్గరా ఉండదు, కాబట్టి అక్కడ లంగరును నమ్ముకోకూడదు.

ఇంజన్ ఉన్నవాళ్లకు నాలుగు సంగతులు. పెట్రోలును మూడు భాగాలు చేయాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, గాలికి ఒకటి. ఇంజన్‌ను ఆపే ఎర్ర తీగను మణికట్టుకు తగిలించుకోవాలి. మనిషి పడిపోయినప్పుడు ఆగని పడవ చుట్టూ తిరిగి అతని మీదికే వస్తుంది. వేగంగా పోతూ ఒక్కసారిగా ఆపితే పడవ వెనుక లేచిన సొంత అలే వెనుక అంచు మీదుగా లోపలికి దూకుతుంది, మెల్లగా తగ్గించాలి. ఇక తెడ్డు. ఇంజన్ ఉంది కదా అని దాన్ని ఇంట్లో వదిలేసి రావడం మామూలైపోయింది. వల పంకాకు చుట్టుకున్న రోజు ఆ తెడ్డే దిక్కు.

కల్లు గురించి కూడా చెప్పాలి. తాగినవాడికి తూలుడు తెలియదు, నీళ్లలో పడితే ఊపిరి బిగపట్టాలని గుర్తుకురాదు. దానికన్నా మామూలుగా జరిగేది ఇంకొకటి: మూత్రానికి అంచు మీద నిలబడి పడిపోవడం. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఒంటరిగా పోయినవాళ్ల ఖాళీ పడవలు దొరకడానికి ఇదొక కారణం. పడవలో ఒక ఖాళీ డబ్బా ఉంచుకుని, కూర్చునే పని కానివ్వాలి.

తేలేవి

లైఫ్ జాకెట్ మీద న్యూటన్లలో అంకె ఉంటుంది. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో పైకెత్తే బలం. యాభై అని ఉన్నది ఈత వచ్చి, ఒడ్డు దగ్గరే ఉండేవాళ్లకు. జలాశయానికి వంద, రాత్రి వలకు పోయేవాళ్లకు నూటయాభై మేలు, స్పృహ తప్పినా ముఖాన్ని పైకి తిప్పే అవకాశం దానికే ఎక్కువ. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని ఇంకొకరు పైకి లాగాలి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు, నీళ్లలో మీరు కిందికి జారిపోతారు, జాకెట్ ఒక్కటే పైన తేలుతుంది. కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనాలి. ఎండకు పాతబడ్డ ఫోమ్ గట్టిపడి నీళ్లు పీలుస్తుంది, ఏడాదికోసారి ఛాతీ లోతు నీళ్లలో తొడుక్కుని చూడాలి.

ఉక్కపోతకు తొడుక్కోం అని చెప్పేవాళ్లే ఎక్కువ, అది అర్థం కాని మాట కాదు. వల లాగేటప్పుడు ఇబ్బందే. కానీ సీటు కింద మడిచిపెట్టిన జాకెట్‌ను నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం ఈతగాళ్లకే కష్టం. కనీసం గాలి లేచినప్పుడు, చీకట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు ఒంటి మీద ఉండాలి.

జాకెట్ లేని పడవలో మూత గట్టిగా బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాను ఉండి తీరాలి. అది పంతొమ్మిది కిలోల దాకా పైకెత్తుతుంది. నీళ్లలో ఉన్న మనిషి తల పైన ఉంచడానికి ఐదు నుంచి ఏడు కిలోలు చాలు. అంటే ఒక్క క్యాను ఇద్దరు ముగ్గురిని నిలబెడుతుంది, దాని మీద ఎక్కాలని చూడనంతవరకు. చెక్క పడవ నిండినా తేలుతుంది. ఫైబర్ పడవలో ఫోమ్ నింపకపోతే ఇంజన్ బరువుతో వెనుక నుంచి నిటారుగా దిగిపోతుంది. అలాంటి పడవలకు రెండు వైపులా అంచుల కిందే, వెనుక ఎక్కువగా, క్యాన్లు కట్టేయాలి. అడుగున కడితే నిండిన పడవ బోర్లా తిరుగుతుంది, పైన కడితే నిలకడగా తేలుతుంది.

మునిగాక

పడవ బోర్లా పడితే దాన్ని వదలకూడదు. ఒడ్డు ఎప్పుడూ కనిపించే దానికన్నా దూరం. రెండు వందల గజాలే కదా అని ఈదబోయినవాళ్లే ఎక్కువగా పోతారు, పడవ పట్టుకున్నవాళ్లు కాదు. పడవ తలకన్నా పెద్దది, వెతికేవాళ్లకు కనిపిస్తుంది. వల మాత్రం దగ్గర్లో తేలుతుంటే దానికి దూరంగా, గాలి వచ్చే వైపు ఉండాలి. పుష్య మాసపు నీళ్లలో రెండు మూడు గంటలకు చేతులు పట్టు తప్పుతాయి, కాబట్టి తాడుతోనో తువ్వాలుతోనో పడవకు చేతిని వదులుగా, లాగితే ఊడేలా చుట్టుకోవాలి. ఎవరికి ఎన్ని గంటలకు తిరిగి వస్తారో చెప్పి పోయారన్నది అప్పుడు తేలుతుంది. చెప్పిన వేళకు గంట దాటితే 112కు ఫోన్ చేయాలని, ఏ దిక్కుకు పోయారో చెప్పాలని ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకొక పడవ కాపాడబోతే: దూకకూడదు. తాడు కట్టిన క్యాను విసరాలి. మునుగుతున్నవాడు దొరికినదాన్ని కిందికి తొక్కి పైకి రావాలని చూస్తాడు, అది మీ మెడైనా సరే. దగ్గరికి వచ్చాక ఇంజన్ ఆపి వెనుక నుంచి ఎక్కించాలి. పక్క అంచు మీదుగా లాగితే రెండో పడవ కూడా బోర్లా పడుతుంది.

ఒడ్డుకు తెచ్చాక మన ఊళ్లలో ఇప్పటికీ చేసేది కడుపు మీద నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం. కడుపులోంచి వచ్చే నీళ్లు తాగినవి, ఊపిరితిత్తులవి కావు. వాటిని కక్కించినా లాభం లేదు, పైకి వచ్చి శ్వాసనాళానికి అడ్డం పడతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి, ఐదుసార్లు. నీట మునిగినవాడికి కరువైంది గాలి కాబట్టి మొదలు దానితోనే. ఆ తర్వాత ఛాతీ నడుమ ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి వంద నుంచి నూటఇరవై చొప్పున ముప్పైసార్లు నొక్కి, రెండు ఊపిరులు ఊది, 108 వచ్చేదాకా ఆపకుండా చేయాలి. నొక్కేవాళ్లు రెండు నిమిషాలకోసారి మారితే బలం తగ్గదు. లేచి కూర్చుని "నాకేం కాలే" అన్నా సరే, స్పృహ తప్పినవాణ్ని, నీళ్లు మింగి దగ్గుతున్నవాణ్ని దేవరకొండకో, కొల్లాపూర్‌కో, గద్వాలకో, ఏది దగ్గరైతే అక్కడి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లో చేరిన కొంచెం నీళ్లు గంటల తర్వాత ఆయాసంగా బయటపడతాయి, కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు డాక్టర్ల కంటి ముందు ఉండాలి.